సంచయం చ ప్రకోపం చ: ఈ శ్లోకంలో ‘వ్యక్తి’ అంటే మనిషి కాదు

నిన్న మన గ్రూపులో ఒకరు ఈ శ్లోకం పెట్టి అర్థం అడిగారు.

సంచయం చ ప్రకోపం చ ప్రసరం స్థానసంశ్రయమ్ ।
వ్యక్తిం భేదం చ యో వేత్తి దోషాణాం స భవేద్భిషక్ ॥

కింద వచ్చిన జవాబుల్లో ‘వ్యక్తికీ వ్యక్తికీ ఉన్న భేదం తెలిసినవాడే వైద్యుడు’ అన్నదానికి బోలెడు లైకులు పడ్డాయి. మాట మంచిదే కానీ శ్లోకంలో అది లేదు. అందుకే విడిగా రాస్తున్నాను.

ఇది ప్రాచీన ఆయుర్వేద గ్రంథమైన సుశ్రుత సంహితలో, సూత్రస్థానమనే భాగంలో 21వ అధ్యాయంలోది. ముందు అన్వయం చూద్దాం. ‘దోషాణాం’ అన్న షష్ఠి చివర్లో ఉన్నా, అది ముందున్న ఆరు మాటలకూ వర్తిస్తుంది. దోషాల సంచయాన్ని, దోషాల ప్రకోపాన్ని, అలా భేదం దాకా ఎవడు ఎరుగుతాడో వాడు వైద్యుడు. ఆయుర్వేదంలో దోషాలంటే వాత పిత్త కఫాలు, ఆరూ జరిగేది వాటికే. ఇక ‘వ్యక్తి’ అంటే బయటపడటం, స్పష్టం కావడం. అభివ్యక్తి, వ్యక్తీకరణ అనే మాటల్లో మనం రోజూ వాడే అర్థమే ఇది. మనిషి అనే అర్థం తెలుగులో బాగా పాతుకుపోయింది కాబట్టి కన్ను మొదట అటే పోతుంది.

సంచయం అంటే దోషం తన చోటులోనే పోగవడం. వాతం పోగైతే కడుపు బిర్రుగా ఉంటుంది, పిత్తమైతే ఒళ్ళు పచ్చబారినట్టు కనిపిస్తుంది, కఫమైతే ఒళ్ళు బరువు, బద్ధకం. వీటి చివర సుశ్రుతుడు ఒక మాట చేర్చాడు: ‘చయకారణవిద్వేషశ్చ’. ఏది ఆ దోషాన్ని పోగుచేసిందో దాని మీదే అయిష్టం పుడుతుందట. నాలుగు రోజులు వరసగా స్వీట్లు తిన్నాక డబ్బా చూస్తేనే మొహం మొత్తుతుందే, అది. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా నచ్చిన మాట ఇదే. ఏ మందూ లేకుండా ఒళ్ళు తనంతట తాను వద్దంటున్న క్షణాన్ని అంత పాత గ్రంథం పట్టుకుని పేరు పెట్టింది.

ప్రకోపం అంటే పోగైనది రెచ్చిపోవడం. కడుపులో పోట్లు, పులితేన్పులు, దాహం, మంట, అన్నం మీద అసహ్యం, వికారం ఇక్కడివి.

ప్రసరం దగ్గర సుశ్రుతుడు రెండు ఉపమానాలు ఇచ్చాడు. కిణ్వం (పులియబెట్టే పదార్థం), నీళ్ళు, పిండి కలిపి రాత్రంతా ఉంచితే పులిసి పొంగినట్టు దోషాలు చోటు దాటి పొంగుతాయి. పెద్ద నీటి నిల్వ కట్ట తెంచుకుని వేరే నీళ్ళతో కలిసి నలుదిక్కులా పారినట్టు పాకుతాయి. దోషాలకు చైతన్యం లేకపోయినా కదిలించేది వాయువే అంటాడు. వాత పిత్త కఫాలతో పాటు రక్తాన్నీ లెక్కలోకి తీసుకుని, ఒక్కొక్కటిగా, రెండేసి, మూడేసి, నాలుగూ కలిసి మొత్తం 15 రకాలుగా ప్రసరిస్తాయని చెప్పాడు.

అలా తిరిగేవి ఒకచోట ఆగడం స్థానసంశ్రయం. ఎక్కడ ఆగుతాయి, ఎందుకు అన్నదానికి 24వ అధ్యాయంలో జవాబుంది: ‘యత్ర సంగః ఖవైగుణ్యాద్ వ్యాధిస్తత్రోపజాయతే’. ‘ఖ’ అంటే ఇక్కడ ఖాళీ, దారి, అంటే స్రోతస్సు. దారిలో ఎక్కడ లోపం ఉందో అక్కడ చిక్కుకుంటాయి, అక్కడే రోగం పుడుతుంది. మూత్రాశయంలో ఆగితే ప్రమేహం అనే మూత్రరోగం, అశ్మరి, అంటే రాళ్ళు. పాదాల్లో ఆగితే శ్లీపదం, అంటే బోదకాలు. ఒళ్ళంతా అయితే జ్వరం. పూర్వరూపాలు, అంటే ముందస్తు గుర్తులు కనబడేది ఈ దశలోనే. ఆ తర్వాత వ్యక్తి. జ్వరమో అతిసారమో అని పేరు పెట్టగలిగేది అప్పుడే.

భేదం అంటే తేడా కాదు, పగలడం. వాపు పగిలి వ్రణం కావడం. జ్వరం, అతిసారం వంటివైతే దీర్ఘకాలం పట్టుకుని ఉండటం. మిగతా ఐదూ ఏ రోగానికైనా సరిపోతుంటే చివరిది మాత్రం పుండు భాషలో ఎందుకుంది? అధ్యాయం పేరు చూడండి, వ్రణప్రశ్నాధ్యాయం. రాసింది శస్త్రవైద్య గ్రంథం. గడ్డ పగలకముందే వైద్యుడు చేరుకోవాలన్న ఆరాటం ఆ మాటలో ఉంది.

వీటిని ‘రోగం ఆరు దశలు’ అని రాస్తుంటారు. సుశ్రుతుడు పెట్టిన పేరు క్రియాకాలం. క్రియ అంటే చికిత్స. సంచయం వర్ణించగానే ‘తత్ర ప్రథమః క్రియాకాలః’ అంటాడు, ఇది చికిత్సకు మొదటి అదను అని. రోగానికింకా పేరే రాకముందు చికిత్సకు నాలుగు అదనులు గడిచిపోతాయి. తర్వాతి శ్లోకం కూడా అదే చెబుతుంది: ‘సంచయేఽపహృతా దోషా లభంతే నోత్తరా గతీః’. సంచయంలోనే తొలగిస్తే దోషాలు ముందుకు పోలేవు, పోయేకొద్దీ బలపడతాయి. ‘దశలు’ అంటే రోగం కథ మాత్రమే వినిపిస్తుంది, వైద్యుడి పని వినిపించదు.

వ్యాఖ్య: మరి మనం ‘వాతం చేసింది’, ‘వేడి చేసింది’ అంటాం కదండీ, అది ఏ దశ?

జవాబు: మంచి ప్రశ్న అండీ. నా ఉద్దేశంలో ఎక్కువగా ప్రకోపమే, ఒక్కోసారి సంచయం. మన వాడుకలో రెండూ ఆ ఒక్క ‘చేసింది’లో కలిసిపోయాయి. అయినా రోగం పేరు చెప్పకుండా దోషం పేరే చెప్పడం గమనించండి, సరిగ్గా సుశ్రుతుడి పద్ధతే. పైత్యం మాత్రం తెలుగులో పిచ్చిచేష్టల దాకా వెళ్ళిపోయింది.

వ్యాఖ్య: సంచయం మొదలైతే భేదం దాకా పోవాల్సిందేనా? టెన్షన్ పెట్టేశారు.

జవాబు: అక్కర్లేదండీ. వాగ్భటుడు తన ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలో చయం (సంచయమే), ప్రకోపం తర్వాత ప్రశమం, అంటే శాంతించడం అనే మాట వాడాడు. వాతం గ్రీష్మంలో పోగై, వర్షఋతువులో రెచ్చి, శరత్తులో శాంతిస్తుంది. పిత్తం వర్షంలో పోగై, శరత్తులో రెచ్చి, హేమంతంలో శాంతిస్తుంది. కఫానికి వరసగా శిశిరం, వసంతం, గ్రీష్మం. అంటే ఋతువు మారితే తిరిగి సర్దుకునే దారీ ఉంది. ఇక్కడ మాట్లాడుకుంటున్నది శ్లోకార్థమే. ఒంట్లో బాగోలేకపోతే డాక్టరు దగ్గరికే వెళ్ళండి.

ఎవరింట్లోనైనా పాత తెలుగు తాత్పర్యంతో అచ్చయిన సుశ్రుతం ఉంటే, ఈ శ్లోకం ఉన్న పేజీ ఫోటో పెట్టగలరా? ‘భేదం’ దగ్గర వాళ్ళు ఏ తెలుగు మాట వాడారో చూడాలనుంది.