సర్వీస్ నంబర్ పూర్తిగా లేకుండా 1942 నాటి సైనికుల ఓడ జాబితా దొరుకుతుందా?

మా తాతగారు భారత సైన్యంలోని ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌లో చేశారు. 1942 జనవరి చివర్లో బొంబాయిలో ఓడ ఎక్కారు. "మూడు పొగగొట్టాల పెద్ద ఓడ, సింగపూర్ కనబడుతుండగానే తగలబడింది" అనేవారు.

నాకు తెలిసినంతలో అది 'ఎంప్రెస్ ఆఫ్ ఆసియా' అయ్యుండాలి. మూడు పొగగొట్టాలున్న కెనడియన్ పసిఫిక్ ప్రయాణికుల ఓడ, 1913 నుంచి వాంకూవర్, జపాన్, చైనా మధ్య తిరిగింది. యుద్ధంలో సైనికుల్ని మోసింది. 1942 ఫిబ్రవరి 5న సింగపూర్ దగ్గరి సుల్తాన్ షోల్ వద్ద జపాన్ విమానాలు బాంబులేశాయి. ఓడలో రెండు వేల మందికి పైగా ఉన్నా చాలామంది బతికారు. ఆస్ట్రేలియా యుద్ధనౌక యార్రా పక్కకు ఆనుకుని వందలాది మందిని ఎక్కించుకుంది.

డిశ్చార్జి కాగితాన్ని చెదలు తినేశాయి. నంబర్లో చివరి మూడంకెలే మిగిలాయి: 417. రికార్డుల ఆఫీసుకు రెండుసార్లు రాశాను, పూర్తి నంబర్ లేనిదే వెతకలేమన్నారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల జాబితా చనిపోయినవారికే. తాతగారు తిరిగొచ్చారు కాబట్టి అందులో ఉండరు. తాతగారి పేరు ఆ ఓడతో కలిపి ఒక్కసారి చూడాలని నా ఆశ.

పేరు, ఊరు, చేరిన ఏడాది (1940) మాత్రమే ఉంటే, ఆ ఓడలో వెళ్లిన భారతీయ సైనికుల పేర్లు ఏ రికార్డులో వెతకాలి?