సమస్య: చెవులు మూసికొనినఁ జేరెఁ బాట

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడూ మీరు కట్టి పూరించాలి.

చెవులు మూసికొనినఁ జేరెఁ బాట

విషయం కూడా ఇస్తున్నాను. కాలేజీ ఆవరణలో, ఆరుబయట, ఇష్టమైన రాక్ బ్యాండు కచేరీ. మన పిల్లలు చాలామంది చదివిన మద్రాసు ఐఐటీని తలుచుకోండి. ఒకప్పుడు మార్డీ గ్రా అనేవాళ్లే, ఇప్పుడు సారంగ్ అంటున్నారు, ఆ ఉత్సవం. స్వీడన్ బ్యాండు ఓపెత్ 2009లో దానికే వచ్చింది. అక్కడి ఓపెన్ ఎయిర్ థియేటర్ మెట్ల మీద కూర్చుని అరిచినవాళ్లు మనలో ఉండే ఉంటారు.

చెవులు మూసుకుంటే పాట పోవాలి. మరి ఎలా చేరింది? యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరాల్సింది, ప్రతి పాదంలోనూ నాలుగో గణం మొదటి అక్షరం. మన పాదంలో చె–జే కుదిరాయి. ఆ రెండుచోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా చెల్లుతుంది.

హాస్టల్ పక్షి:
నా మొదటి పూరణ, తిట్టకండి.

రేపె టెస్టటంచు రేయెల్లఁ జదువంగ
గదిని తలుపు వేసి కూరుచుంటి
వదలలేదు వారు పదిదాఁక నన్ను హా
చెవులు మూసికొనినఁ జేరెఁ బాట

నిర్వాహకుడు:
తిట్టడమెందుకు బాబూ, నవ్వొచ్చింది. "పదిదాఁక" భలే పడింది. రాత్రి పది దాటితే లౌడ్ స్పీకర్లు కట్టేయాలని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి నీ బాధ పదింటికి తీరుతుంది. రెండో పాదంలో యతి తప్పింది. గ–కూ, హల్లు సరే, అచ్చు కుదరదు. "గదిని గడియ వేసి కదలకుంటి" అనేయ్, సరిపోతుంది.

ఒక్క మాట. నువ్వు "మూసుకున్నా సరే చేరింది" అన్నావు. అర్థానికి ఢోకా లేదు. కానీ మూసుకోవడం వల్లనే చేరిందని చెప్పగలిగితే సమస్యకు పూర్తి న్యాయం జరుగుతుంది. అందరికీ ఇదే నా షరతు అనుకోండి.

హాస్టల్ పక్షి:
గడియ వేసేశాను సార్. థాంక్స్.

పద్యపథికుడు:
బయటి రొదను వీడి భావమందున నిల్చి
మధుర వేణుగాన మహిమఁ దలఁప
గొల్లపడుచు కపుడు గోవిందుఁడూదిన
చెవులు మూసికొనినఁ జేరెఁ బాట

నిర్వాహకుడు:
ధార బాగుంది మాస్టారూ, యతులన్నీ శుభ్రంగా ఉన్నాయి. షరతు కూడా నెరవేరింది. కానీ కాలేజీ ఏది? గిటార్ ఏది? ఏ సమస్య ఇచ్చినా చివరికి బృందావనంలో తేలడం మనవాళ్లకు అలవాటైపోయింది. మీరు ఇంకోటి రాయాల్సిందే. అన్నట్టు "ఊదిన" ఒకచోట, "పాట" ఇంకోచోట పడ్డాయి. అన్వయానికి కాస్త తడుముకోవాలి.

పద్యపథికుడు:
నేను చూసిన రాక్ అంటే కొండరాయే నాయనా. సరే, ఆలోచిస్తా.

మొదటివరస:
స్పీకరెదుట నిలువఁ జెవులు గింగురుమనె
పాటలోని మాట పట్టుబడదు
మిత్రుఁడిచ్చినట్టి మెత్తని దూదితో
చెవులు మూసికొనినఁ జేరెఁ బాట

నిర్వాహకుడు:
ఇదీ కావలసింది! మూసుకోకముందు మాట అందలేదు, మూసుకున్నాక అందింది. స్పీ–జె యతి కూడా ముచ్చటగా ఉంది. "గింగురుమనె" తర్వాత "పట్టుబడదు" అంటే కాలం మారిపోయింది. "పట్టుబడక" అంటే రెండు పాదాలూ ఒకే ఊపిరిలో నడుస్తాయి.

బేస్‌బాబు:
పద్యం ఓకే అండీ, దూదితో మాత్రం పేచీ. మామూలు దూది ఆపే మోత చాలా తక్కువ. ఫోమ్ ఇయర్‌ప్లగ్ వేళ్ల మధ్య నులిమి, పుల్లలా సన్నగా చేసి, చెవిలోకి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో నొక్కి పట్టుకోవాలి. అమెరికాలో పనిచోట భద్రత మీద పరిశోధించే నియోష్ అనే సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలు ఉండొచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం అవుతుంది. అంటే 100 దగ్గర 15 నిమిషాలే. స్పీకర్ ముందు నిలబడితే రెండు పాటలకే కోటా అయిపోతుంది.

మొదటివరస:
నిజమేనండీ, మావాడిచ్చింది నారింజ రంగు ఫోమే. ఆటవెలదిలో పట్టక దూది చేశాను. పెట్టుకున్నాక గొల్లు తగ్గి గొంతు విడిగా తెలిసింది, అది మాత్రం కల్పన కాదు.

నిర్వాహకుడు:
దూదే ఉండనివ్వండి. చెవుల డాక్టరు ఎలాగూ ఇక్కడే ఉన్నారు. బేస్‌బాబు గారూ, మీ పూరణ ఏది?

బేస్‌బాబు:
ఇదిగో.

బేసుగిటరు తీగ భేరిలా మ్రోఁగఁగా
నేల యదిరె గుండె నిలువునదిరె
పాదములను దాఁకి ప్రాకుచు నెదలోకి
చెవులు మూసికొనినఁ జేరెఁ బాట

నిర్వాహకుడు:
"నేల యదిరె గుండె నిలువునదిరె" చదువుతుంటేనే మోత వినపడింది. కానీ నా షరతు? కాళ్లలోంచి పాకే పాట చెవులు తెరిచి ఉన్నా పాకుతుంది కదండీ.

బేస్‌బాబు:
పాకుతుంది కానీ తెలియదు! తెరిచి ఉంటే లీడ్ గిటార్, తాళాల గలగల, పక్కవాడి ఈల, అన్నీ కలిసి దాన్ని కప్పేస్తాయి. బేస్ గిటార్‌లో లావు తీగ మామూలు శ్రుతిలో 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. గాలిలో ఆ అల పొడవు 8 మీటర్ల పైమాటే. చెవిలో ఏ బిరడా పెట్టినా పై స్వరాలు తగ్గినంతగా ఇది తగ్గదు. కాబట్టి చెవులు మూసుకుంటే మిగతావి వెనక్కి వెళ్లి ఇదొక్కటే ముందుకొస్తుంది. ఇండియన్ ఓషన్ బ్యాండు కచేరీలో నేను కావాలనే రెండు చేతులతో చెవులు మూసుకుని చూశాను. రాహుల్ రామ్ బేస్ వాయిస్తూ పాడతారు కదా, గొంతు పలచబడింది, వేళ్లు మాత్రం రొమ్ము మీద మీటినట్టే ఉంది.

గొంతుజీర:
దీనికి పెద్ద సాక్ష్యం ఎవెలిన్ గ్లెన్నీ. స్కాట్లాండ్ తాళవాద్యకారిణి, చిన్నప్పుడే వినికిడి చాలావరకు పోయింది. వేదిక మీద చెప్పులు లేకుండా వాయిస్తారు, నేలలోంచి నాదం అందుకోవడానికి.

నిర్వాహకుడు:
వాదన ఒప్పుకున్నాను. కానీ అదంతా వ్యాఖ్యలో ఉంది, పద్యంలో లేదు! మూడో పాదం తిరగరాసి చూడండి.

బేస్‌బాబు:
రాత్రికి చూస్తానండీ. బేస్ వాయించడమే తేలిక.

గొంతుజీర:
కాలేజీ బ్యాండులో పాడినదాన్ని. అందరూ కింద నిలబడి రాశారు, నేను స్టేజీ మీది నుంచి రాస్తున్నా.

పాడువాని కచటఁ బాటయే వినరాదు
జనుల కేకలందు సమసిపోవు
చిన్న మానిటర్లఁ జెక్కి బిగించి యా
చెవులు మూసికొనినఁ జేరెఁ బాట

హాస్టల్ పక్షి:
అక్కా, మానిటర్ అంటే కంప్యూటర్‌దా?

గొంతుజీర:
కాదు తమ్ముడూ, సింగర్ల చెవుల్లో గుబిలి బిళ్లల్లా ఉంటాయి చూడు, అవి. పెద్ద స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి, వెనక డ్రమ్స్ బాదుతుంటాయి, మన గొంతు మనకే వినపడదు. శ్రుతి తప్పామో లేదో ఎదుటివాళ్ల మొహాలు చూసి తెలుసుకోవాలి, ఆ టెన్షన్ పడితేనే తెలుస్తుంది. అవి బిగించుకుంటే బయటి గోల ఆగి, మన గొంతు నేరుగా లోపలికొస్తుంది.

నిర్వాహకుడు:
విరోధం పూర్తిగా విడిపోయింది. చెవి మూసిన వస్తువే పాటను చేరవేస్తోంది. ఇంతకంటే చక్కని పరిష్కారం కష్టం. చి–జె యతి సరి. పాదం చివర "యా" అని ఆగడం కొంచెం ఇబ్బందిగా ఉంది, అయినా కిందికి లాగుతోంది కాబట్టి వదిలేద్దాం. పాడింది మీరైతే "పాడువాని" ఎందుకమ్మా?

గొంతుజీర:
"పాడుదాని" అంటే తిట్టులా ఉంటుందండీ!

పద్యపథికుడు:
మీ అందరి మాటలూ చదివాక పోయినేడాది మా మనవరాలు తన కాలేజీకి లాక్కెళ్లిన సంగతి గుర్తొచ్చింది. కచేరీ అంటే త్యాగరాజ కృతులనుకుని కండువా కూడా వేసుకెళ్లాను.

మనుమరాలు పిలువ మైదానమునకేగి
తలను బట్టుకొంటిఁ దాళలేక
చిన్నదాని పెదవి చెప్పెడు మాటలై
చెవులు మూసికొనినఁ జేరెఁ బాట

గొంతుజీర:
మాస్టారూ!! అంటే ఆ అమ్మాయి పాడుతుంటే పెదాలు చూసి...

పద్యపథికుడు:
అవునమ్మా. దానికి ఆ పాటలన్నీ కంఠతా వచ్చు, నా వైపు తిరిగి మరీ పాడుతోంది. చెవులు తెరిచి ఉన్నంతసేపూ నాకు హోరే. మూసుకున్నాక మొహం చూడ్డం తప్ప పనిలేక పోయింది, ఒక్కో మాటా తెలిసింది. ఇంగ్లీషు పాటే అనుకో.

నిర్వాహకుడు:
మ–మై, త–దా, చి–చె, మూడు యతులూ అప్రయత్నంగా పడ్డాయి. బృందావనం నుంచి మైదానానికి దిగినందుకు ఈ వారం మొదటి వీరతాడు మీకే. గొంతుజీర గారిది రెండోది. బేస్‌బాబు గారికి మూడో పాదం బాకీ.

మొదటివరస:
నా దూది?

నిర్వాహకుడు:
మూడోది మీదే. వచ్చేవారం తేటగీతి, ఇప్పటి నుంచే మొదలుపెట్టుకోండి:

పాసు లేనట్టివాఁడెపో ప్రథముఁడయ్యె