ఎనిమిదో తరగతి కుర్రాడికి వయసుతో ఒంట్లో వచ్చే మార్పుల సంగతులు ఇంట్లో చెప్పాలా, బడికి వదిలేయాలా?

కృష్ణాతీరం:
మావాడికి పదమూడు నిండాయి. తిన్న కంచం తీయనివాడు మొన్న ఆదివారం నేను లేచేసరికే దుప్పటి బకెట్లో నానేసి, సబ్బు పెట్టి రుద్దుతున్నాడు. నన్ను చూసి మంచినీళ్లు ఒలికాయన్నాడు. నాకు అర్థమైంది, అలాగే అని లోపలికొచ్చేశాను. మా ఆవిడ 'మగపిల్లాడు, నువ్వే మాట్లాడు' అంటోంది. మా అమ్మేమో 'మీకెవరు చెప్పార్రా, వయసొస్తే అవే తెలుస్తాయి' అంటోంది. మా నాన్న నాకేమీ చెప్పని మాట నిజమే. అసలు చెప్పాలా? చెబితే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

సీమ పెద్దాయన:
అక్కర్లేదు బాబూ. ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కౌమార దశ అని పాఠమే ఉంది, పదిలో ప్రత్యుత్పత్తి ఉంది. అది చాలు. తండ్రి దగ్గర కొడుక్కి కాస్త బెరుకు ఉండాలి, అన్నీ విప్పి మాట్లాడుకుంటే రేపు ఏ మాటకూ విలువుండదు. ముందే చెప్తే లేని ఆలోచన పుట్టించినట్టే. 2007లో ఈ కౌమార విద్యను మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలే వద్దన్నాయి. ఊరికే అన్నారా?

బయాలజీ టీచరమ్మ:
పెద్దాయన గారూ, ఆ పాఠం ఎలా జరుగుతుందో నన్నడగండి. 'ఇది ఇంట్లో చదువుకోండి' అని పేజీలు తిప్పేస్తాం. ఉద్యోగంలో చేరిన ఏడాది నేనూ అదే చేశాను. ఇప్పుడు పేరు రాయకుండా చీటీలు వేయమని ఒక డబ్బా పెడతాను. మగపిల్లల చీటీల్లో ఎక్కువగా ఉండేది ఒకటే: 'నిద్రలో అలా అవుతోంది, ఒంట్లో బలం పోతుందా టీచర్?' భయంతో అడుగుతున్న పిల్లలండీ వీళ్లు. చెబితే చెడిపోతారన్న మాట మీద యునెస్కో 2018 మార్గదర్శకాల్లో పరిశోధనలన్నీ చూసి రాసింది, ఇలాంటి చదువు వల్ల పిల్లలు తొందరపడరని.

ఒకప్పటి హాస్టలర్:
బలం పోతుందా అన్న ప్రశ్న చూసి నవ్వొచ్చింది, తర్వాత కడుపు మండింది. నాకూ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఇంటర్లో ఉండగా బస్టాండ్ గోడ మీద 'నరాల బలహీనత' ప్రకటన చదివి, ఫలానా లాడ్జిలో ఫలానా గదిలో కూర్చున్న 'డాక్టర్' దగ్గరికి వెళ్లా. నాడి పట్టుకుని ఇలాగే వదిలేస్తే పెళ్లికి పనికిరావన్నాడు. మూడు నెలల లేహ్యం కట్టించుకున్నా, మెస్‌కని అమ్మ పంపిన డబ్బుతో. అది జబ్బే కాదనీ, ఆ వయసులో మామూలేననీ ఎంబీబీఎస్ చదివే మా బావ చెప్పేదాకా తెలీదు. బడికి వదిలేద్దాం అంటున్నారు కానీ పెద్దాయనా, బడి వదిలేస్తే పట్టుకునేది ఆ లాడ్జి వాడే.

ఇద్దరాడపిల్లల తల్లి:
మా పెద్దది పెద్దమనిషైనప్పుడు మా అత్తగారు ఫ్లెక్సీ వేయిద్దామన్నారు. ఊరంతటికీ భోజనాలు పెట్టొచ్చు, పిల్లకి మాత్రం ప్యాడ్ ఎన్ని గంటలకు మార్చాలో చెప్పడానికి సిగ్గు! ఇంకో సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, ఆంధ్రలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. వయసొస్తే తెలుస్తుందనుకుని కూర్చుంటే ఈలోపు పెళ్లయి కడుపు కూడా వస్తోంది. అబ్బాయిల తల్లిదండ్రులు పోక్సో సంగతీ చెప్పాలి. పద్దెనిమిది నిండని పిల్లలపై లైంగిక నేరాలకు 2012 నుంచీ ఉన్న చట్టం. అమ్మాయికి పద్దెనిమిది నిండకపోతే ఆమె ఇష్టపడే వచ్చిందన్నా కేసు ఆగదు.

సీమ పెద్దాయన:
చట్టం సంగతి ఒప్పుకుంటాను, అది చెప్పి తీరాలి. ఆ లేహ్యాల వాళ్లు మా కాలంలోనూ ఉండేవాళ్లు. కానీ తండ్రే కూర్చోబెట్టి చెప్పాలంటే నాకిప్పటికీ మింగుడు పడదు. మేనమామో బాబాయో చెప్తే పోలా?

కృష్ణాతీరం:
కూర్చోబెట్టలేదండీ, నావల్ల కాలేదు. నిన్న ట్యూషన్‌కి బండి మీద దింపుతూ, వాడి మొహం చూసే పనిలేదు కాబట్టి చెప్పేశా. 'నీ వయసులో నాకూ అయ్యేదిరా, జబ్బేం కాదు, ఎవడైనా మందిస్తానంటే నమ్మకు' అని. అంతే, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. సందు తిరిగేదాకా వాడు ఉలుకూ పలుకూ లేదు. దిగాక బ్యాగు సర్దుకుంటూ, 'అయితే దుప్పటి వాషింగ్ మెషీన్లో వేసేయొచ్చా?' అన్నాడు.