పాత ఫియట్ బ్రేక్ లైటు వెనకవాళ్లకు కనబడటం లేదు, ఏం చేయాలి?

హాలియా ఫియట్:

నాన్న వాడిన 1982 మోడల్ ప్రీమియర్ పద్మిని ఇది, అందరూ ఫియట్ అనే అంటారు. ఆయన పోయాక నాలుగేళ్లు షెడ్డులోనే ఉంది. నిరుడు ఇంజన్ పని చేయించి మళ్లీ రోడ్డెక్కించాను. నెలకోసారి అమ్మను నల్గొండ ఆసుపత్రికి ఇందులోనే తీసుకెళ్తాను. తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది.

వరికోతలప్పుడు మా రోడ్లు ఎలా ఉంటాయో ఈ వైపువాళ్లకు తెలుసు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. పోయిన వారం రాత్రి అలాంటి రాళ్లు దగ్గరికొచ్చాక కనబడి గట్టిగా బ్రేక్ వేశాను. వెనక మోటార్ సైకిల్ మీద వస్తున్న అబ్బాయి నా డిక్కీకి జానెడు దూరంలో ఆగాడు. బండి మీద అతని భార్య, ఆమె ఒళ్లో పాప. "నువ్వు ఆగినవని తెల్వలే అన్నా, లైటే కనబడలే" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంటికొచ్చి తమ్ముణ్ని బ్రేక్ తొక్కమని వెనక నిలబడి చూశాను. వెలుగుతోంది. కానీ పార్కింగ్ లైటుకు, బ్రేక్ లైటుకు తేడా తెలియడం లేదు. ముందు లైట్లు కూడా పసుపుపచ్చగా ఉన్నాయి. షాపులో ఒకరు ఎల్ఈడీ వేయమంటున్నారు, ఇంకొకరు 100 వాట్ల బల్బులు వేయమంటున్నారు. కారు రూపం మారకుండా ఏం చేయొచ్చు?

మిర్యాలగూడ ఆటో ఎలక్ట్రీషియన్:

తమ్ముడూ, బల్బులు ఇప్పుడే కొనకు. ముందు ఎర్త్ చూడు, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి. వెనక బల్బులో 21 వాట్లది, 5 వాట్లది రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఎర్త్ సరిగా లేకపోతే ఒకదాని కరెంటు రెండోదాని గుండా దారి వెతుక్కుంటుంది, రెండూ మసకగా వెలుగుతాయి. నువ్వు చెప్పింది అచ్చం అలాగే ఉంది. ఒక వైరు తీసుకుని ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొస బల్బు హోల్డర్ రేకుకు తగిలించు. వెలుగు పెరిగిందా, అయితే తప్పు ఎర్త్‌దే. చిలుము గీకి, కొత్త ఎర్త్ వైరు వేసి బిగించు. బల్బు తిరగేసి పెట్టారేమో కూడా చూడు. దాని రెండు పిన్నులు ఎత్తులో తేడాగా ఉంటాయి, అరిగిన హోల్డర్‌లో బలవంతంగా తిప్పితే తప్పుగా కూర్చుంటుంది.

ముందు లైట్లకు రిలే వేయించు. స్విచ్ నుంచి కొద్ది కరెంటు అందగానే బ్యాటరీ కరెంటును నేరుగా లైటుకు కలిపే చిన్న డబ్బా అది. ఈ కార్లలో కరెంటంతా స్టీరింగ్ దగ్గరి స్విచ్ దాకా వెళ్లి మళ్లీ ముందుకు రావాలి. నలభై ఏళ్ల వైరులో దారిలోనే వోల్టేజ్ పోతుంది. 12 రావాల్సిన చోట పదిన్నరే వస్తే వెలుగు మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. రిలే 30వ కాలుకు బ్యాటరీ నుంచి ఫ్యూజ్‌తో లావు వైరు, 87 నుంచి లైటుకు, 86కు పాత స్విచ్ వైరు, 85 ఎర్త్‌కు. డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి. ఆ తర్వాత మామూలు 60/55 వాట్ల హెచ్4 బల్బు చాలు. 100 వాట్లవి రెండు వేస్తే పదిహేడు ఆంపియర్ల దాకా లాగుతాయి. హోల్డర్లు కరిగిపోయిన కార్లు నా దగ్గరికి చాలా వచ్చాయి.

జడ్చర్ల అంబాసిడర్:

ముందు లైట్లకు ఎల్ఈడీ వద్దు అన్నా. నేను వేయించి తీసేశాను. మన గుండ్రటి ఏడంగుళాల లైటులో రిఫ్లెక్టర్‌ను ఫిలమెంటు ఉండే చోటును బట్టే తయారు చేస్తారు. వెలుగు ఆ చోటు నుంచి రాకపోతే చెల్లాచెదురవుతుంది. రోడ్డు మీద తెల్లగా కనబడింది గానీ కల్వకుర్తి రోడ్డులో ఎదురొచ్చిన ప్రతి ఒక్కరూ డిప్పర్ కొట్టారు. వాళ్ల కళ్లు మూసుకుపోతే ప్రమాదం నాకే కదా. ఇండికేటర్లకు వేస్తే అవీ కొట్టుకోవడం మానేశాయి. ఇండికేటర్లను వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ వేడెక్కడానికి ఆ కొద్ది కరెంటు సరిపోలేదు, ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయాల్సి వచ్చింది.

వెనక మాత్రం ఎల్ఈడీ బాగుంటుంది. ఎర్ర అద్దం వెనక ఎర్ర బల్బే పెట్టండి, తెల్లది పెడితే చాలా వెలుగు అద్దంలోనే ఆగిపోతుంది.

దేవరకొండ డ్రైవర్:

బ్రేక్ స్విచ్ చూసినవా? చాలా పాత కార్లకు ఆయిల్ ఒత్తిడితో పనిచేసే స్విచ్ ఉంటది. అది ముసలిదైతే గట్టిగా తొక్కితేనే లైటు వస్తది, మెల్లగా తొక్కితే రాదు. వెనక బంపర్ మీద రెండు ఎర్ర రిఫ్లెక్టర్లు కూడా పెట్టు. బ్యాటరీ దిగి రోడ్డు మీద ఆగిపోయినా అవి మెరుస్తయి.

హాలియా ఫియట్:

అందరికీ నమస్కారం. అన్న చెప్పిన వైరు పరీక్ష చేశాను. తగిలించగానే కుడి వైపు లైటు భగ్గుమంది. హోల్డర్ విప్పితే లోపలంతా పచ్చటి చిలుము. మల్టీమీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 13.4, హెడ్‌లైట్ దగ్గర 10.8. రిలేలు వేశాక 12.9 వస్తోంది, బల్బులు పాతవే. తర్వాత గోడకు ఇరవై ఐదు అడుగుల దూరంలో కారు ఆపి, డిమ్ వెలుగు పైఅంచు బల్బు ఎత్తు కంటే మూడంగుళాలు కిందికి వచ్చేలా సరిచేశాను. వెనక అద్దం లోపల, కింది అంచున, చిన్న మూడో బ్రేక్ లైటు పెట్టాను. బయటికి కారు నాన్న ఉంచినట్టే ఉంది.

నిన్న రాత్రి తమ్ముడు కాలువ గట్టు దాకా నడిచివెళ్లి ఫోన్ చేశాడు, నేను మెల్లగా తొక్కాను. "కనబడుతోంది, మళ్లీ తొక్కు" అన్నాడు. అమ్మ కూడా వాకిట్లోకి వచ్చి చూసింది.

ఎడమ వైపు ఎర్ర అద్దం మాత్రం ఎండకు వెలిసి గులాబీ రంగులోకి వచ్చింది. దానికి సరిపోయేది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.