‘ఆయన కిష్టులైన మనుష్యులకు’: ఇక్కడ ఇష్టం ఎవరిది?

గుంపులోని పెద్దలందరికీ నమస్కారం. లూకా సువార్త 2:14లో, యేసు పుట్టిన రాత్రి దేవదూతలు పాడిన పాటలో, ఒక్క మాట గురించి నాకు తోచింది చెప్పి, మీ అభిప్రాయం అడుగుదామని రాస్తున్నాను. మన ఇళ్ళలో ఉండే తెలుగు బైబిల్లో ఆ వాక్యం ఇదీ:

“సర్వోన్నతమైన స్థలములలో దేవునికి మహిమయు ఆయన కిష్టులైన మనుష్యులకు భూమిమీద సమాధానమును కలుగునుగాక.”

నేను కృష్ణా జిల్లాలో, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) గుడి నీడలో పెరిగాను. ఇప్పుడు లండన్‌లో ఒక ఆంగ్లికన్ (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్) సంఘానికి వెళ్తున్నాను. ఆంగ్లికన్లలో కన్సర్వేటివ్ ఇవాంజెలికల్స్ అనే వర్గానికి చెందిన సంఘం అది. దీపాలూ అంగీలూ తక్కువ, వాక్యోపదేశం ఎక్కువ. పాపం, సిలువ, మారుమనస్సు అన్న మాటల్ని క్రిస్మస్ పూట కూడా పక్కన పెట్టరు. మనకు ఈ ధోరణి కొత్తదేమీ కాదు. 1841లో మచిలీపట్నంలో దిగిన సి.ఎం.ఎస్. (చర్చ్ మిషనరీ సొసైటీ) మిషనరీలు నోబుల్, ఫాక్స్ ఇద్దరూ ఈ ఇవాంజెలికల్ ఆంగ్లికన్ దారి వాళ్ళే.

పోయిన డిసెంబరులో క్యారల్ ఆరాధనకు ఒక పాఠం తెలుగులో చదవమన్నారు. ముందురోజు సాయంత్రం చర్చి వంటగదిలో కప్పులు సర్దుతుంటే మా వికార్ గారు (సంఘ గురువు) వచ్చి, “మీ భాషలో ఈ వచనం మాటకు మాట ఎలా ఉంటుంది?” అని అడిగారు. అమ్మ ఇచ్చిన నల్ల అట్ట బైబిలు తెరిచి, ఒక్కో మాట కింద వేలు పెట్టి చెప్పుకుంటూ వచ్చాను. ‘ఆయనకు ఇష్టులైన’ దగ్గర ఆయన ఆపి, మళ్ళీ చెప్పించుకున్నారు. ఇష్టపడేది ఎవరు, మనుషులా దేవుడా అన్నారు. దేవుడేనండీ అన్నాను. పక్కనే బల్లమీద పంచడానికి తెచ్చిన కార్డుల కట్ట ఉంది. దాని మీద ‘భూమ్మీద శాంతి, మనుషులందరి పట్ల సద్భావం’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం బంగారు రంగులో అచ్చయి ఉంది. ఆయన దాన్ని చూపించి, “ఇరవై ఏళ్ళుగా ప్రతి క్రిస్మస్‌కీ దీన్ని సరిదిద్దడమే నా పని” అన్నారు.

ఆ కార్డు మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ‘మనుషుల పట్ల సద్భావం’ అని ఉంది. ‘అందరి’ అనేది అందులో లేదు, కార్డులవాళ్ళు చేర్చుకున్నదే. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో ప్రభురాత్రి భోజనం చివర పాడే స్తుతిలోనూ దేవదూతల పాట ఆ రూపంలోనే ఉంది. అందుకే తరతరాల ఆంగ్లికన్ల నాలుక మీద అది నిలిచిపోయింది. కానీ గ్రీకు ప్రతుల్లో తేడా ఉంది. ‘యూడోకియా’ అని ఉంటే, సద్భావం అనేది శాంతితో పాటు మరో వరం అవుతుంది. చివర ఒక్క ‘స్’ చేరి ‘యూడోకియాస్’ అయితే షష్ఠీ విభక్తి అయి, ‘ఇష్టానికి పాత్రులైన మనుషులు’ అవుతుంది. 4వ శతాబ్దపు సైనాయిటికస్, వాటికానస్ ప్రతులు రెండింటిలోనూ మొదట రాసిన చెయ్యి ఆ ‘స్’ రాసింది, తర్వాతి చెయ్యి తీసేసింది. సైనాయిటికస్‌లో ఎక్కువ భాగం ఇక్కడి బ్రిటిష్ లైబ్రరీలోనే ఉంది. 1881లో ఇంగ్లీషు బైబిలును సవరించినవాళ్ళు ‘స్’ ఉన్న పాఠాన్నే తీసుకున్నారు. మన తెలుగు పాఠమూ దాని ప్రకారమే ఉంది.

ఇప్పుడు అసలు భాష సంగతి. ‘ఇష్ట’ అన్నది ‘ఇష్’ ధాతువు మీద క్త ప్రత్యయం చేరి వచ్చింది. అంటే కోరబడినది, కోరబడినవాడు. ‘ఇష్టదైవం’ అంటున్నాం కదా, అక్కడ కోరుకునేవాడు మనిషి, కోరబడినది దైవం. దూతల పాటలో ఆ మాట అటుదిటు అయింది. కోరుకున్నవాడు దేవుడు, కోరబడినవాళ్ళు మనుషులు. తెలుగు వినేవాడికి ‘ఇష్టదైవం’ చెవిలో ఉంటుంది కాబట్టి ఈ తిరుగుడు ఇంగ్లీషువాడి కన్నా మనకే గట్టిగా తగలాలి. నాకైతే ఆ వంటగదిలో, అంత వయసు వచ్చాక, మొదటిసారి తగిలింది.

వ్యాఖ్య (తెనాలి నుంచి ఒక మాస్టారు): అమ్మా, వ్యాకరణం బాగుంది. కానీ ‘ఆయనకు ఇష్టులు’ అంటే వాడుకలో ‘మంచివాళ్ళు కాబట్టి నచ్చినవాళ్ళు’ అని రాదా? దొరగారికి ఇష్టుడు అన్నామంటే వాడేదో చేసి మెప్పు పొందాడనేగా?

జవాబు: మాస్టారూ, నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. లూకాలోనే 12:32 చూడండి: “చిన్న మందా భయపడకుడి, మీకు రాజ్యము అనుగ్రహించుటకు మీ తండ్రికి ఇష్టమైయున్నది.” గ్రీకులో ఇక్కడ ఉన్నదీ ఆ ‘యూడోకియా’కు చెందిన క్రియే. మంద ఏం చేసి మెప్పు పొందింది? ఏమీ లేదు, భయపడుతూ నిలబడింది. పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక 1వ అధ్యాయంలో ఆ నామవాచకాన్నే మన అనువాదకులు ‘దయాసంకల్పము’ అన్నారు. ఎంత మంచి మాట! లూకా 2:14లో కూడా ‘దయాసంకల్పము’ వేసుంటే మీరన్న అపార్థానికి తావుండేది కాదు. మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో దొరికిన హెబ్రీ కీర్తనల్లోనూ ‘ఆయన ఇష్టానికి చెందిన కుమారులు’ అనే అర్థం వచ్చే పలుకుబడి ఉంది. కాబట్టి లూకా రాసింది ఆ కాలపు యూదుల నోట నానిన ధోరణే.

వ్యాఖ్య (హైదరాబాద్ నుంచి): ‘సమాధానం’ అంటే జవాబు కదండీ. ‘శాంతి’ అని ఉంటే అందరికీ అర్థమవుతుంది. క్రైస్తవుల తెలుగు ఎందుకిలా వేరుగా ఉంటుంది?

జవాబు: ఈ మాటను మాత్రం నేను వదులుకోనండీ. ‘ఇద్దరికీ సర్దిచెప్పి సమాధానపరిచారు’ అంటాం కదా, బైబిలు పట్టుకున్నది ఆ అర్థాన్ని. 2 కొరింథీయులకు 5:18లో దేవుడు “మనలను క్రీస్తుద్వారా తనతో సమాధానపరచుకొని” అని ఉంది. గ్రీకులో శాంతికీ, తెగిన సంబంధం కలపడానికీ వేరువేరు మాటలు. మన అనువాదం రెండింటినీ ఒకే మాటతో కట్టింది. ఇవాంజెలికల్ ఆంగ్లికన్లు క్రిస్మస్ నాడు నొక్కి చెప్పేది సరిగ్గా ఇదే. ఆ శాంతి మనసుకు హాయి కాదు, దేవుడికీ పాపికీ మధ్య రాజీ. చార్లెస్ వెస్లీ 1739లో రాసిన క్రిస్మస్ గీతంలో, భూమ్మీద శాంతి అన్న వెంటనే దేవుడూ పాపులూ సమాధానపడ్డారని వస్తుంది. ‘శాంతి’ అని మారిస్తే మాట సులువవుతుంది, ఆ ముడి మాత్రం ఊడిపోతుంది.

వ్యాఖ్య (అదే సభ్యురాలు): అర్థమైంది. కానీ నాకు బాధగా ఉంది. అందరికీ శాంతి అనే కార్డు మాటే మనసుకు దగ్గరగా ఉంది. ‘ఇష్టులైనవారికి’ అంటే తలుపు వేసేసినట్టు కాదా?

జవాబు: మీ బాధ నాకు చిన్నదిగా అనిపించడం లేదు. ఈ వర్గంలోనే దీని మీద పెద్ద వాదం జరిగింది. వెస్లీ సోదరులూ (జాన్, చార్లెస్), జార్జ్ వైట్‌ఫీల్డూ ఆంగ్లికన్ గురువులే, స్నేహితులే. దేవుడి ఏర్పాటు (రక్షణకు ఆయన ఎవరిని ఎన్నుకుంటాడన్న) విషయంలో మాత్రం విడిపోయారు. అయినా వెస్లీ గీతం మొదటి పాదాన్ని మార్చి, 1753లో తన కీర్తనల పుస్తకంలో వేసుకున్నది వైట్‌ఫీల్డే. ఇప్పుడు లోకమంతా పాడుతున్నది ఆయన మార్చిన పాదమే.

వచనానికి వస్తే, నాలుగు వచనాల ముందే దూత “ప్రజలందరికిని కలుగబోవు మహా సంతోషకరమైన సువర్తమానము” అన్నాడు. ‘అందరికిని’ ఉంది, కబురు చెప్పే చోట ఉంది. కార్డు ఏం చేసిందంటే, దేవుడి ఇష్టాన్ని తీసేసి ఆ స్థానంలో మన మంచితనాన్ని పెట్టింది. అప్పుడు డిసెంబరులో మంచిగా ఉండలేనివాడి సంగతేమిటి? ఇంట్లో గొడవలున్నవాడు, ఎవరినీ క్షమించలేకపోతున్నవాడు ఆ బంగారు అక్షరాలు చూసి ఏమనుకోవాలి? మా సంఘంలో క్యారల్ ఆరాధనకు ఏడాదంతా గుడి ముఖం చూడనివాళ్ళు వస్తారు. వాళ్ళకు వికార్ గారు పన్నెండు నిమిషాలు ఈ ఒక్క సంగతే చెప్పారు: మీకు సద్భావం ఉందా అని దూతలు అడగలేదు, దేవుడికి ఉందని చెప్పారు. నేను రెండో వరసలో కూర్చుని విన్నాను. నా ముందున్న పెద్దాయన కోటు జేబులోంచి రుమాలు తీసి చాలాసేపు అలాగే పట్టుకున్నారు.

వ్యాఖ్య (తెనాలి మాస్టారు): ‘దయాసంకల్పము’ పిల్లలకు నోరు తిరగదు. ‘ఆయన కిష్టులైన’ అని విడగొట్టి అచ్చువేయడమూ చిక్కే. మా సండే స్కూల్లో ఒకడు ‘కిష్టులు ఎవరు సార్, ఏ ఊరివాళ్ళు?’ అని అడిగాడు.

జవాబు: మా తమ్ముడూ అదే అడిగాడండీ, గొర్రెల కాపరి వేషంలో, తలకు తువ్వాలు చుట్టుకుని. అందుకే ఈ ఏడు ఇక్కడి తెలుగు పిల్లల నాటకానికి దూత మాటను వాడుకభాషలో రాస్తున్నాను. ఇప్పటికి ఇలా వచ్చింది: “పైన దేవుడికి మహిమ. దేవుడు ఇష్టపడి దగ్గరకు తీసుకున్న మనుషులకు భూమ్మీద సమాధానం.” ‘దగ్గరకు తీసుకున్న’ అనేది మూలంలో లేదు, నేను చేర్చాను. తీసేస్తే ‘దేవుడు ఇష్టపడిన మనుషులకు’ అని మిగులుతుంది, అది పొడిగా ఉంది. ఉంచనా, తీసేయనా? పిల్లలకు ఆదివారం నేర్పడం మొదలుపెట్టాలి, ఆలోపు చెప్పండి.