ట్రాక్టర్ చిప్పర్: లావు కట్టె పెడితే రోలర్ ఆగి ఆగి లాగుతోంది, ఏం చూడాలి?

ప్రశ్న (శంకర్‌పల్లి నుంచి):
45 హెచ్‌పీ ట్రాక్టరుకు తగిలించిన 6 అంగుళాల డిస్క్ చిప్పర్ (కట్టెను ముక్కలు చేసే మెషీన్). హైడ్రాలిక్ ఫీడ్, పైనొకటి కిందొకటి రోలర్లు, నో-స్ట్రెస్ (లోడు ఎక్కువైతే ఫీడ్‌ను తనే ఆపే ఏర్పాటు) ఉంది. వేప, కానుగ మండలు రెండంగుళాల దాకా ఇబ్బంది లేకుండా లాగేస్తుంది. నాలుగంగుళాల సుబాబుల్ పెడితే మాత్రం కొంచెం పోయి ఆగుతుంది, ఒక్కోసారి వెనక్కి తన్నుతుంది. పొట్టు కూడా ముక్కలుగా కాక నార నారగా వస్తోంది. మెకానిక్ హైడ్రాలిక్ పంపు మార్చమంటున్నాడు. అంతకుముందు ఏమేం చూసుకోవాలి?

జవాబు 1:
పంపు జోలికి ఇప్పుడే పోకండి అన్నా. ముందు ఒకటి గమనించండి: ఆగేది రోలరా, కట్టెనా? రోలర్ తిరుగుతూనే కట్టె జారుతుంటే పళ్ల మధ్య బెరడు ఇరుక్కుని ఉంటుంది, లేదా పై రోలర్ స్ప్రింగు వదులై ఉంటుంది. పై రోలర్ జారే గాడిలో పొట్టు బిగుసుకున్నా అంతే, సరిగా కిందికి దిగదు.

రోలర్ తనే ఆగుతుంటే నో-స్ట్రెస్ పని చేస్తోందేమో చూడాలి. డిస్క్ స్పీడు పడిపోతే అది ఫీడ్ ఆపేస్తుంది. ట్యాకోమీటర్ మీద పీటీఓ (ట్రాక్టర్ నుంచి చిప్పర్‌ను తిప్పే షాఫ్ట్) 540 గుర్తు దాకా ఇంజన్ రేజ్ చేసి ఉంచండి. 540ఈ లివర్ ఉంటే ఎకానమీలో పెట్టొద్దు. షాఫ్ట్ 540 తిరిగినా ఇంజన్ తక్కువ రౌండ్లలో ఉంటుంది, లావు కట్టె తగలగానే కుంగిపోతుంది. బెల్టు డ్రైవ్ అయితే రబ్బరు కాలిన వాసన వస్తోందా చూడండి. మారిస్తే సెట్టు మొత్తం మార్చాలి, కొత్తా పాతా కలిపితే లోడంతా కొత్తదాని మీదే పడుతుంది.

జవాబు 2:
నార నారగా వస్తోందంటే నా అనుమానం బ్లేడ్ల మీదే. పదునున్న బ్లేడు కట్టెను తనవైపు లాక్కుంటుంది. మొద్దుబారింది కోయదు, నలిపి వెనక్కి తన్నుతుంది.

పీటీఓ తీసి, ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకోండి. డిస్క్ బరువుకి చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగాకే మూత విప్పి లాక్ పిన్ వేయండి. బ్లేడు అంచును వెలుతురుకు పెడితే తెల్లటి గీత మెరిసిందా, పదును పోయినట్టే. చేతి గ్రైండర్‌తో సాన పట్టొద్దు. బాలానగర్, జీడిమెట్ల వైపు సర్ఫేస్ గ్రైండింగ్ షాపుల్లో కూలెంట్ పోస్తూ, పాత కోణంలోనే పట్టించండి. అంచు నీలం తిరిగితే టెంపర్ (ఉక్కు గట్టిదనం) పోయింది, ఆ పదును నిలవదు. బ్లేడ్లన్నీ సమంగా అరగాలి, లేదంటే డిస్క్ వణుకుతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. సాన పట్టాక బ్లేడు వెడల్పు తగ్గుతుంది, ఎదురు బ్లేడుతో (డిస్క్‌కు ఎదురుగా కదలకుండా బిగించి ఉండేది) గ్యాప్ పెరుగుతుంది. కొత్త పదునుతో కూడా నారే వస్తుంది. ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులు) ఒక్కో బ్లేడు దగ్గర రెండు చివర్లా కొలిచి ఎదురు బ్లేడును జరపండి. చాలా మెషీన్లకు 1 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది, మీ మాన్యువల్ అంకే ఖాయం. బోల్టులు టార్క్ రెంచ్‌తోనే బిగించాలి.

ప్రశ్న వేసినవారు:
ఆగేది రోలరే. పొద్దున బాగానే ఉండి గంట నడిచాక ఎక్కువవుతోంది. ఇప్పుడూ పంపు కాదంటారా?

జవాబు 3:
వేడెక్కాక బలం తగ్గుతోందంటే హైడ్రాలిక్ కూడా చూడాల్సిందే. రోలర్ ఆగిన క్షణంలో ఇంజన్ శబ్దం వినండి. కుంగితే పైవాళ్లు చెప్పినవే. శబ్దం మారకుండా రోలర్ ఒక్కటే ఆగితే ప్రెషర్ చాలట్లేదు.

ఆయిల్ లెవెల్, రంగు చూడండి. పాలలా ఉంటే నీళ్లు కలిశాయి, నురగ కడితే సక్షన్ పైపు గాలి పీలుస్తోంది. ఫిల్టర్ మార్చండి. అప్పటికీ తగ్గకపోతే రాణిగంజ్‌లో హైడ్రాలిక్ షాపువాళ్లను అడిగి ప్రెషర్ గేజ్ పెట్టించండి. గేజ్ లేకుండా రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటకుండా చూసేది) స్క్రూ బిగించారో మోటార్ సీళ్లు పోతాయి. ఆయిల్ వేడి మీద ఉన్నప్పుడు, వాల్వ్ సరిగానే ఉండి కూడా మాన్యువల్ ప్రెషర్ రాకపోతే అప్పుడు పంపు గురించి ఆలోచించండి. పైపు లీకును చేత్తో తడమొద్దు, అట్టముక్క అడ్డుపెట్టి చూడండి.

జవాబు 4:
వానల్లో కొట్టిన కొనోకార్పస్ మండలు వేస్తుంటే చూట్ (పొట్టు బయటికి చిమ్మే గొట్టం) కూడా చూసుకోండి. తడి ఆకు అక్కడే గడ్డకట్టి, వెనకాల ఫీడ్ ఆగినట్టు కనిపిస్తుంది. మధ్యమధ్య ఎండు కట్టె వేస్తే తోసుకుపోతుంది. కొబ్బరి మట్టల నార రోలర్ ఇరుసుకు చుట్టుకుని బేరింగ్ సీలు కోసేస్తుంది, పని అయ్యాక మెషీన్ ఆపి కత్తితో కోసి తీసేయండి.