ఆర్నెల్లు వదిలేసిన ఉప్పునీటి ట్యాంకు: ఇసుక కదిపితే కుళ్ళిన గుడ్ల కంపు

నీటికాకి:
మా బావ వదిలేసి వెళ్ళిన ఉప్పునీటి ట్యాంకు ఇప్పుడు నా నెత్తిన పడింది. ఆర్నెల్లుగా మోటార్లు ఆగి ఉన్నాయి, చేపలు ఎప్పుడో పోయాయి. అడుగున జానెడు ఇసుక. అద్దం పక్కనుంచి చూస్తే పైన రెండు వేళ్ళ మందం తెల్లగా, కింద తారు పూసినట్టు నలుపు. నిన్న గరిటెతో ఒక మూల కదిపాను. బుడగలు లేచి గదంతా కంపు. కాసేపటికి వాసన తెలియడం మానేసింది గానీ తలనొప్పి రాత్రి దాకా వదల్లేదు. మామూలేనా ఇది?

ఇసుకదిబ్బ:
కాదండీ. అది హైడ్రోజన్ సల్ఫైడ్. సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది. ఆక్సిజన్ అందని అడుగు ఇసుకలో కొన్ని బ్యాక్టీరియా దాని బదులు సల్ఫేట్‌ని వాడుకుని ఈ గ్యాసు వదులుతాయి. చచ్చిన చేపలు, మిగిలిన మేత వాటికి విందు. నలుపంటేనే ప్రమాదమని కాదు. అది ఐరన్ సల్ఫైడ్. నా ట్యాంకులోనూ ఓ నల్ల చార ఉంది, చేపలు బాగానే ఉన్నాయి. పైన ఆక్సిజన్ ఉన్న నీళ్ళు తిరుగుతుంటే కొద్దికొద్దిగా వచ్చే గ్యాసు దారిలోనే ఆక్సీకరణమైపోతుంది. మీ దాంట్లో ఆ తిరగడమే లేదు.

పాతగవ్వ:
"వాసన తెలియడం మానేసింది" అన్నారే, అక్కడ నాకు భయమేసింది. ఈ గ్యాసు 1 పీపీఎమ్‌లో (పీపీఎమ్ అంటే గాలిలో పది లక్షల వంతుల్లో ఒకటి) చిన్న వంతు ఉన్నా ముక్కు పసిగడుతుంది, కానీ త్వరగా అలవాటు పడిపోతుంది. 100 పీపీఎమ్ దగ్గర ముక్కు పూర్తిగా మొద్దుబారుతుంది. అమెరికాలో పని చోట భద్రత మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ ప్రాణాపాయమని గీత గీసింది కూడా సరిగ్గా అక్కడే. మీ గదిలో అంత ఉండి ఉండదు, కానీ తలనొప్పి వచ్చిందంటే తలుపు మూసిన గదిలో మళ్ళీ ముట్టుకోకండి. నేనోసారి ఇలాంటి ఇసుక తీశాక చూస్తే వేలికున్న వెండి ఉంగరం మసి పట్టినట్టు నల్లగా అయింది. ముక్కు మర్చిపోయినా వెండి మర్చిపోలేదు.

రొయ్యమీసం:
ఇసుకే కానక్కర్లేదు. నా క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట పెట్టే మూత బిగించిన డబ్బా ఫిల్టర్) పది రోజులు ఆగిపోయి ఉంది. తెరిచి చూడకుండా స్విచ్ వేశాను, బుద్ధి లేక. లోపల మూసుకుపోయి కుళ్ళిన నీళ్ళన్నీ ఒక్కసారిగా ట్యాంకులోకి. అరగంటలో రెండు క్లౌన్ చేపలూ పక్కకి ఒరిగాయి. ఆగిన ఫిల్టర్‌ని బయట కడిగాకే పెట్టాలని అప్పుడు తెలిసింది.

నీటికాకి:
అమ్మో. మరి యాసిడ్ పోసి కడిగేస్తే నలుపు వదులుతుందని ఒకాయన చెప్పాడే?

ఇసుకదిబ్బ:
వద్దే వద్దు! పీహెచ్ (యాసిడ్ పోస్తే తగ్గే అంకె) 8 పైన సల్ఫైడ్‌లో ఎక్కువ భాగం గ్యాసు కాని రూపంలో నీళ్ళలోనే ఉంటుంది. 7 దగ్గరికొచ్చేసరికి దాదాపు సగం గ్యాసు. యాసిడ్ పోస్తే నీళ్ళలోదీ, ఆ నల్లటి ఐరన్ సల్ఫైడ్‌లోదీ కలిసి పైకి తన్నుతుంది. వెనిగర్ కూడా అంతే. బ్లీచింగ్‌తో యాసిడ్ కలిపితే క్లోరిన్, అది ఇంకో తలనొప్పి.

పాతగవ్వ:
కిటికీలు తీసి, ఫ్యాను గాలి బయటికి పోయేలా పెట్టండి. ఇసుక కదపకుండా ముందు పై నీళ్ళు పైపుతో లాగేయండి. వీలైతే ట్యాంకునే ఆరుబయటికి మోయించండి, ఇసుక పని అక్కడ. మొహం ట్యాంకు మీదికి వంచొద్దు. ఒంటరిగా వద్దు. తల తిరిగితే వదిలేసి బయటికి.

పగడపుచెట్టు:
రాళ్ళ మీద బటన్ల లాంటి పాలిప్స్ (పగడాల బంధువులైన చిన్న జీవులు) ఉన్నాయేమో చూడండి, ఎండిపోయినవైనా సరే. కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. శుభ్రమవుతుందని ఆ రాళ్ళని ఉడకబెట్టి, ఆవిరి పీల్చి ఆస్పత్రి పాలైన వాళ్ళున్నారు. గీకొద్దు కూడా.

నీటికాకి:
ఆదివారం అయింది. మా తమ్ముడూ నేనూ నీళ్ళు తోడేసి ట్యాంకుని పెరట్లోకి మోసి, పొడుగు పారతో ఇసుక తీశాం. మధ్యలో రెండుసార్లు దూరంగా వెళ్ళి కూర్చున్నాం. తలనొప్పి రాలేదు. గాలి తగిలి ఆరేసరికి నల్ల ఇసుక పైపైన గోధుమ రంగుకి తిరిగింది. రాళ్ళ మీద బటన్లు కనిపించాయి, తడి గోనెసంచి కప్పి పక్కన పెట్టాను. వాటినేం చేయాలి?